అరుగు మీది ఆకుపచ్చ చుక్క

మా ముత్తాత బీర్కూర్ దగ్గరి ఒక ఊరికి మాలీ పటేలు. శిస్తు వసూలు ఆయన చేతి మీదుగా జరిగేది. ఆయన తర్వాత మా తాత పటేలు అయ్యాడు. ఆ పదవితో పాటు కాగితం మీద ఎక్కడా లేని మరో పెత్తనం కూడా ఆయనకు వచ్చింది. ఊరి కాలువ తూము కింద ఏ రోజు ఎవరి మడికి నీళ్లు పారాలో చెప్పేది ఆయనే. పొద్దున్నే ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. రైతులు కింద నిలబడేవారు. నీళ్ల మాట ఏదైనా అందరూ వింటుండగా ఆ అరుగు దగ్గరే చెప్పాలి. చాటుగా వచ్చి చెబితే వినేది లేదు. ఎవరూ అడ్డు చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. ఆయన లేచేదాకా ఎవరూ కదిలేవారు కాదు.

మా నాన్న కూడా కొన్నేళ్లు పటేలే. తర్వాత ప్రభుత్వం ఆ పదవులనే ఎత్తివేసింది. పదవి పోయినా ఇంటి ఖర్చు పటేలు ఇంటి ఖర్చుగానే ఉండాలన్నది నాన్న పట్టుదల. ముందు పొలం పోయింది, తర్వాత ఇల్లు, ఇంటితో పాటు అరుగు. నా దాకా వచ్చినవి నిటారుగా కూర్చునే అలవాటు, ఒక కచ్చురం బండి. పైన గూడు, ముందూ వెనకా తెరలు ఉన్న ఎడ్లబండి అది. మా ఇంటి ఆడవాళ్లు ఊరు దాటాలంటే అందులోనే వెళ్లేవారు. అమ్మ కొత్త కోడలిగా మా ఊళ్లోకి వచ్చింది కూడా ఆ తెరల వెనక కూర్చునే. ఇప్పుడది మా అద్దె ఇంటి వెనక పెరట్లో ఎండకు నిలబడి ఉంది. దాని మీద మా ఆవిడ ఒడియాలు ఎండబెడుతుంది.

నేను బాన్సువాడ బస్టాండు ఎదుట ఒక షట్టరు కిరాయికి తీసుకుని జిరాక్సు, టైపింగు దుకాణం నడుపుతున్నాను. ఊరి పాతవాళ్లు ఇప్పటికీ "పటేలా" అని పిలుస్తారు. మిగతావాళ్లకు నేను జిరాక్సు సారును. ఈ రెండో పిలుపు విన్నప్పుడు కొంచెం ఆలస్యంగా తల ఎత్తుతాను.

ఒక యాసంగి పంట మొదట్లో మా ఊరి నీరటి దుకాణానికి వచ్చాడు. తూము తలుపు ఎత్తడం, దించడం, నీళ్లు మళ్లించడం అతని పని. వాళ్ల నాన్న మా తాత దగ్గర అదే పని చేసేవాడు. నీళ్ల వంతు కాగితాన్ని కట్టలకొద్దీ జిరాక్సు తీయమన్నాడు.

"ఇన్నెందుకు? ఫోన్ల గ్రూపు ఉన్నది కదా మీకు" అన్నాను.

"ఉండె పటేలా. ఇప్పుడు మూడు గ్రూపులైనయి. ఓట్లప్పుడు కొట్లాడుకొని ఒకలనొకలు తీసేసుకున్నరు. పొద్దుగాల లేస్తే పూలబొమ్మలు, పుట్టినరోజు దండాలు. నేను పెట్టిన వంతు ముచ్చట గా పూల కిందనే మునుగుతది. నిరుడు చివరి మళ్లు ఎండినయంటే గందుకే."

"ఈ కాగితాలు ఎక్కడ అంటిస్తవు?"

"కరెంటు స్తంభాలకు. మేకలు అందుకోనంత పైన."

జిరాక్సు తీసి ఇచ్చాను. అతను వెళ్లాక చాలాసేపు ఆలోచించాను. నీళ్ల వంతు వినడానికి ఊరందరికీ ఒక చోటంటూ లేకుండా పోయింది. ఉన్న గ్రూపు ఎవరిదో కంపెనీది. అందులో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో మన చేతిలో లేదు. అరుగు అమ్ముడుపోయింది నిజమే. మరో అరుగు కట్టడానికి నాకు స్థలం లేదు. కానీ దుకాణం మూలన పాత కంప్యూటరు ఒకటి పనిలేకుండా పడి ఉంది.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు గురించి నేను అప్పటికే చదువుతూ ఉన్నాను. దాని లోపలి రాతనంతా రాసినవాళ్లు దాచుకోకుండా లోకానికి వదిలేస్తారు. ఎవరైనా తెచ్చుకోవచ్చు, తమ యంత్రంలో పెట్టుకోవచ్చు, నచ్చనిది మార్చుకోవచ్చు. మాట్లాడుకునే గ్రూపులకు కూడా అలాంటిది ఉంది. అందులో రెండు భాగాలు. మాటల్ని నిలవ చేసి అందరికీ పంచేది సర్వరు. మన కళ్లకు కనిపించే పేజీ క్లయింటు. ఫోనులో కొత్తగా ఏదీ వేసుకోనక్కరలేదు, లింకు నొక్కితే చాలు, పేజీ తెరుచుకుంటుంది. నిండిపోయిన పాత ఫోన్లతో నెట్టుకొచ్చే మా ఊరివాళ్లకు ఇదే సరైనదనిపించింది.

పాత కంప్యూటరు దుమ్ము దులిపి లినక్సు వేశాను. సర్వరు భాగం అనుకున్నదానికన్నా తొందరగానే కుదిరింది. బయటివాళ్లు దాన్ని చేరుకోవాలంటే నెట్టుకు సొంత చిరునామా ఉండాలి. దుకాణానికి వచ్చే కేబుల్ నెట్టుకు అది లేదు. కేబుల్ ఆఫీసుకు వెళ్లి అడిగితే అక్కడి కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం నడుపుతవు సార్, సినిమాలా?"

"నీళ్లు" అన్నాను.

అతనికేం అర్థమైందో తెలియదు గానీ పని చేసిపెట్టాడు.

క్లయింటు దగ్గర చిక్కు వచ్చింది. దాని ఫైళ్లన్నీ ఒక ఫోల్డరులో పెట్టి, అందులోని నమూనా సెట్టింగుల ఫైలుకు నకలు తీసి, మన సర్వరు చిరునామా రాసుకోవాలి. రాశాను. పేజీ తెరిస్తే తెల్లగా వచ్చింది, గోడకు సున్నం వేసినట్టు. మళ్లీ మళ్లీ చూశాను. ఊళ్లోవాళ్ల దరఖాస్తుల్లో తప్పులు దిద్దే నేను, నా సొంత ఫైలులో ఒక వరుస చివర కామా వదిలేశానని చాలా ఆలస్యంగా కనిపెట్టాను. కామా పెట్టగానే గోడ మీద తలుపు తెరుచుకుంది.

ఆ చోటికి తాత పేరు పెట్టాలని అనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"గంత పొడుగు పేరు ఫోన్ల కొట్టేసరికి నీళ్లు పారి పొలం దాటుతయి. అరుగు అని పెట్టుండ్రి. అందరికీ ఎరుకే, రాసుకోను అల్కగుంటది."

అరుగు అనే పెట్టాను. పేజీ మొదట్లో తాత నియమమే రాశాను: నీళ్ల మాట ఇక్కడే, అందరి ముందే. నీరటికి విడిగా ఫోను చేసి చెప్పేది చెల్లదు. పూలబొమ్మలు వద్దు.

నీరటి ఇంటింటికీ తిరిగి లింకు చూపించాడు. ఒక వారంలో తూము కింది రైతులంతా చేరారు. ఆయకట్టు మొదట్లో ఉన్న పాత కాపు కుటుంబాలవాళ్లు, నడుమ చెరుకు వేసేవాళ్లు, చివరన తండావాళ్లు. ఎవరి పేజీ తెరిచి ఉంటే వారి పేరు పక్కన ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. జాబితాలో అందరికన్నా పైన నా పేరు, దాని పక్కన నా చుక్క. పొద్దున షట్టరు ఎత్తగానే పేజీ తెరిచేవాణ్ని. జిరాక్సు తీస్తున్నా, టైపు కొడుతున్నా అది తెరిచే ఉండేది. ఊరివాళ్లు పొలం గట్ల మీద నిలబడి ఫోను తీసి చూస్తే పటేలు అక్కడ కూర్చునే ఉన్నాడని కనిపించాలి. నాకు ఆ సంగతి చాలా నచ్చింది.

పని బాగానే సాగింది. నీరటి వంతు పెట్టేవాడు. మొదటి మళ్లవాళ్లు, నడిమివాళ్లు "అందినయి" అని రాసేవారు. చివరికి అతను అడిగేవాడు: "ఆఖరి మడిదాక పోయినయా? ఎవలు ఏం అనకుంటే పోయినట్టే." ఎవరూ ఏమీ అనేవారు కాదు. మర్నాడు తెల్లవారగానే తలుపు దించి నీళ్లు ఆపి, అవతలి తూముకు వెళ్లేవాడు. రెండు వంతులు ఇలాగే గడిచాయి. మూడో వంతు వచ్చేసరికి వరి పొట్ట మీద ఉంది. అప్పుడు నీళ్లు తప్పితే గింజ ఉండదు, తాలే మిగులుతుంది.

ఆ మూడో వంతు ఆఖరి రోజు మధ్యాహ్నం తండా నుంచి ఒక కోడలు దుకాణానికి వచ్చింది. ఆధార్ జిరాక్సు కావాలంది. ఆమె భర్త చెరుకు నరకడానికి వలస వెళ్లాడు. పొలం పని ఆమెదే. మామ నాకు తెలిసినవాడే, మోకాళ్ల నొప్పులతో మడిదాకా నడవలేని పెద్దాయన. అరుగులో ఆమె పేరు ఉంది. ఎప్పుడూ ఒక్క మాట రాయలేదు.

"పంట ఎట్లున్నది?" అన్నాను, మిషను తిప్పుతూ.

"ఏం పంట సారూ. మడి నెర్రెలు వాసింది."

"నీళ్లు పోతున్నయి కదా."

"ఎక్కడియి? రెండు వంతుల సంది సుక్క రాలె. గీ వంతు గుడ రాలె. రేపు పొద్దుగాల తలుపు దించుతడట కదా."

మిషను ఆపాను. "మరి చెప్పరెందుకు? రోజూ అడుగుతున్నడు కదా నీరటి. అరుగు ఉన్నదే అందుకు."

ఆమె కొంగులోంచి ఫోను తీసి నా ముందు పెట్టింది. అరుగు తెరిచే ఉంది. కింద రాసే గడిలో తెలుగులో రెండు వాక్యాలు, పంపకుండా అట్లాగే ఉన్నాయి. చివరి మళ్లకు నీళ్లు వస్తలేవు. పంట పొట్ట మీదున్నది.

"రాసినవు కదా. పంపలేదెందుకు?"

"మామ కూసున్నడు కదా" అంది, జాబితాలో ఒక పేరు మీద వేలు పెట్టి. పక్కన ఆకుపచ్చ చుక్క. "పొద్దుగాల సూస్తె ఉంటడు, మాపటికి సూస్తె ఉంటడు. మామ కూసున్న కాడ నడిమిట్ల నేనెట్ల మాట్లాడుదు?"

"నువ్వొక్కదానివే కాదు, తండాలో ఇంకా ఆడవాళ్లు ఉన్నరు కదా అందులో."

"వాళ్ల మామలు గుడ కూసున్నరు."

"ఇంట్ల చెప్పచ్చు కదా."

"సెప్పిన. ఎదురుంగ కాదు, నీళ్లు వస్తలేవని గోడకు సెప్పినట్టు సెప్పిన. 'పటేలు కూసున్నడు, సూస్తుండు. ఆయనకు ఎరుక లేనిదా? వంతు వస్తది' అన్నడు."

"నీరటికి నీ మొగనితోనన్న ఫోను చేయించకపోతివి."

"సేసిండు. 'ఫోన్ల వద్దు, అరుగుల సెప్పుండ్రి, పటేలు మాట' అన్నడట."

ఆ మాట నాది. ఆమె మామ ఫోను పేజీ ఎందుకు ఎప్పుడూ తెరిచే ఉంటుందని అడిగాను.

ఆమెకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ సుక్క ఆరుతలేదు కదా సారూ. పటేలు లేవకముందు నేనెట్ల లేస్త అంటడు. సార్జింగు వైరు పెట్టి, మంచం కాడనే ఉంచిండు. బయటికి పోతె గుడ బందు సెయ్యనియ్యడు."

నేను నిటారుగా కూర్చున్నందుకు ఆ పెద్దాయన కూర్చున్నాడు. ఆయన కూర్చున్నందుకు ఈమె మాట్లాడలేదు. ఈమె మాట్లాడనందుకు నీరటి తలుపు దించుతున్నాడు. అందరికీ నేను చూస్తున్నాననే నమ్మకం. నేను చూస్తున్నది గాజు మీద నా చుక్కను.

ఈ మర్యాద నాకు తెలియనిది కూడా కాదు. తాత అరుగు మీద ఉన్నంతసేపు అమ్మ వాకిట్లోకి వచ్చేది కాదు. ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నాక, చెప్పవలసింది తలుపు వెనక నుంచి ఎవరితోనో చెప్పినట్టు చెప్పేది. నూనె అయిపోయిందని, చంటివాడికి జ్వరమని. అది ఆయన చెవిన పడేది, సాయంత్రానికి పని జరిగేది. చెవిన పడడం వేరు, ఎదురుగా నిలబడి చెప్పడం వేరు. అమ్మ ఇల్లంతా నడిపింది ఆ తేడా మీదే. సాఫ్ట్‌వేరు రాసినవాళ్లకు అది తెలియకపోవడంలో వింత లేదు. అరుగులో నేను ఉంచింది ఎదురుగా నిలబడే చోటు ఒక్కటే. తలుపు వెనక చోటు లేదు.

"బీర్కూర్ బస్సు ఎప్పుడు?" అన్నాను.

"వచ్చే యాళ్లయింది."

"ఇంకొక బస్సుకు పోదువుగాని. కూర్చో" అన్నాను. మా దుకాణంలో వచ్చినవాళ్లకు ఒక స్టూలు ఉంటుంది. దాన్ని నేనే ఆమె వైపు జరిపాను.

కంపెనీవాళ్ల గ్రూపైతే నేను చేయగలిగేది ఏమీ లేదు. ఇది నా యంత్రం, నా సెట్టింగుల ఫైలు. ఎవరు ఉన్నారో, ఎవరు లేరో చూపించాలా అని అడిగే వరుస ఒకటి అందులో ఉంది. అవును అనే మాట తీసి కాదు అనే మాట రాయాలి. చిన్న పని. వేళ్లు మాత్రం కీబోర్డు మీదకు వెంటనే పోలేదు. ఆ వరుస మారితే అందరి చుక్కలతో పాటు నాదీ పోతుంది. పటేలు కూర్చున్నాడని ఊరికి కనిపించే ఆ ఒక్క గుర్తూ ఉండదు.

రాశాను. కామాలు రెండుసార్లు చూసుకున్నాను. సర్వరును ఆపి మళ్లీ లేపాను.

"ఇప్పుడు పేజీ మళ్లీ తెరిచి చూడు."

ఆమె వేలితో జాబితాను పైకీ కిందికీ జరిపింది. "మామ సుక్క పోయింది." ఇంకా పైకి జరిపింది. "మీది గుడ పోయింది సారూ."

"పోతది. మామ చదువుకుంటడు, అది వేరే. కూర్చున్నడో లేదో మాత్రం ఎవరికీ తెల్వదు ఇగ."

ఆమె ఒక నిమిషం ఫోనును ఒళ్లో పెట్టుకుంది. తర్వాత తీసి నొక్కింది. నా ముందు తెర మీద ఆమె రెండు వాక్యాలు పడ్డాయి.

వాటి కింద ఏమీ రాలేదు. ఒక దరఖాస్తు టైపు కొట్టించుకోవడానికి వచ్చినాయనను ఆగమన్నాను. తెర మీదే చూపు. అప్పుడు తండా నుంచి ఇంకో పేరు: "మాకు గుడ రాలె." ఆ వెనకే మరొకటి: "మా మడి గుడ ఎండింది. పోయిన వంతు సంది సెప్పుదమనుకుంటున్న." ఎన్నడూ ఒక్క అక్షరం రాయని పేర్లు, ఒకదాని కింద ఒకటి. అన్నీ ఆడవాళ్లవే.

నీరటి జవాబు ఇచ్చాడు: "గిన్నొద్దులు ఏమైనయి మీ నోర్లు? వస్తున్న. రేపు తలుపు దించ."

మొదటి మడి రైతు ఒకాయన ఊరుకోలేదు. "గట్లయితే మా వంతు ఎన్కకు పోతది. ఇదేం న్యాయం?" అని రాశాడు. దానికి నేను జవాబు రాయడం మొదలుపెట్టాను. పూర్తయ్యేలోగానే, నా పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమె రాసేసింది: "అన్నా, మీ మడి మొన్న నిండి, గట్టు మీదికెళ్లి మత్తడి దుంకుతుండె. మా కోడిపిల్లలు తాగ గుడ నీళ్లు లేవు." నేను రాసుకున్నది చెరిపేశాను.

నడిమి మళ్ల దగ్గర కాలువ మలుపులో చెరుకు ఆకు అడ్డం పడి మేటలా తయారైందట. నీరటి, ఇంకొందరు కలిసి దాన్ని తీశారు. మర్నాడు పొద్దున అరుగులో ఒక ఫొటో వచ్చింది. నెర్రెల మధ్య గోధుమరంగు నీళ్లు దారి వెతుక్కుంటున్న ఫొటో. బొమ్మలు వద్దని నియమం రాసింది నేనే. ఉండనిచ్చాను.

ఆ వారంలోనే ఆమె మామ కర్ర ఊతంతో ఆటో దిగి దుకాణానికి వచ్చాడు.

"పటేలా, మీ దీపం కనిపిస్తలేదు. పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది అన్నా. నేను అరుగు మీద నుంచి లేచిన. నువ్వు గుడ లే."

"అమ్మయ్య" అన్నాడాయన, స్టూలు మీద కూలబడుతూ. "ఫోను కాడ కావలి కాసుడైంది నాకు. కోడలు దినామూ గోడతోని మాట్లాడుతుండె, నీళ్ల ముచ్చటే. మీరు సూస్తనే ఉన్నరు గదా అనుకున్న."

"చూడలేదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, ఆ సంగతి అక్కడే వదిలేశాడు. చాయ్ తెప్పించాను. ఎప్పుడూ నేను దుకాణంలో ఎవరితోనూ కలిసి చాయ్ తాగను. ఆ రోజు తాగాను.

చివరి మళ్లలో మొదటి మళ్లంత పండలేదు. కానీ పండింది. కోతమిషను ముందు ఎవరి మడికి రావాలో అరుగులోనే తేల్చుకున్నారు. అక్కడ ఎక్కువ మాట్లాడింది తండా ఆడవాళ్లే. వాళ్ల మామలు చదువుతున్నారు, చెవిన పడుతున్నది. ఆమె భర్త వలస నుంచి తిరిగి వచ్చాక కూడా నీళ్ల మాట ఆమే రాస్తోంది. అతను రాస్తే అక్షరాలు తప్పుతాయట.

పక్క తూమువాళ్లు తమకూ అలాంటిది కావాలన్నారు. అదే సాఫ్ట్‌వేరు, అదే యంత్రం, ఇంకో గది తెరిచి ఇచ్చాను. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి వైపు నుంచి ఒకాయన వచ్చి, మరాఠీలో రాసుకోవచ్చా అని అడిగాడు. రాసుకోవచ్చన్నాను. ఎలా పెట్టుకోవాలో, కామా ఎక్కడ మరచిపోకూడదో అతనికి చెప్పి పంపాను. అతని ఊళ్లో అతని సొంత యంత్రం మీదే నడవాలి. అదే దాని అందం.

ఎండాకాలం గాలివానకు కరెంటు పోయినప్పుడు ఒక చిక్కు బయటపడింది. పాత బ్యాటరీ చేతులెత్తేసింది, సగం రోజు అరుగు తెరుచుకోలేదు. నా ఫోను మోగుతూనే ఉంది. "పటేలా, అరుగు బందున్నది" అని ఒకరు, "సారూ, అరుగు ఎప్పుడు తెరుస్తరు" అని ఒకరు. పెద్ద ఇన్వర్టరు, మంచి బ్యాటరీ లేకపోతే వానాకాలం గడవదని తేలిపోయింది.

నీరటి వచ్చి, "తలా ఇంత ఏసుకుందాం పటేలా. అందరు ఇస్తమంటుండ్రు" అన్నాడు.

"అరుగుకు చందాలు వసూలు చేసిన ఇల్లు కాదు మాది" అన్నాను.

"గట్లంటరని ఎరుకే" అన్నాడు. "అడగకపోతే బాగుండదని అడిగిన."

మా ఆవిడతో చెప్పాను. ఆమె కాసేపు పెరట్లోకి చూసి, "ఒడియాలు మేడ మీద ఎండబెట్టుకుంట తియ్యి" అంది.

కచ్చురం బండిని హైదరాబాదు రోడ్డు మీద హోటలు పెట్టినాయన కొనుక్కున్నాడు. గూడు, కాడి, చక్రాలు, పాత తెరలు, అన్నీ కలిపి ఇన్వర్టరు, బ్యాటరీల ఖరీదుకు అమ్మేశాను.